వాన నీటికి దారి ఎటు?
సొంతంగా కట్టుకునే స్పోర్ట్స్ కార్లలో తెగని తగువు

సొంత షెడ్డులో స్పోర్ట్స్ కారు కట్టుకునేవాళ్ల మధ్య ఇంజన్ మీదా సస్పెన్షన్ మీదా వచ్చే వాదనలు ఏదో ఒక లెక్క దగ్గర ఆగుతాయి. వాన నీళ్ల మీద వాదన మాత్రం అరవై ఏళ్లు దాటినా ఆగలేదు. రబ్బరూ సీలెంటూ పెట్టి చుక్క కూడా దూరకుండా మూసేయాలని కొందరంటారు. నీళ్లు ఎలాగూ దూరతాయి, బయటికి పోయే దారి చూడండని ఇంకొందరు. ఈ తరహా కారుకు అసలు కప్పే అక్కర్లేదని మరికొందరు. అందరి దగ్గరా అనుభవం ఉంది, అందరి కార్లూ నడుస్తున్నాయి. అయినా ఒకరి కారులో కుదిరిన మందు మరొకరి కారులో కుదరదు.

వాదన ఇంతగా చిక్కుపడటానికి ఒక కారణం కనిపిస్తుంది. అందరూ నీళ్లు అనే అంటారు గానీ, ఒకరు పైనుంచి పడే చినుకు గురించి, ఒకరు చక్రం చిమ్మే తుంపర గురించి, ఒకరు గాలి లోపలికి లాక్కొచ్చే తడి గురించి, మరొకరు కారు లోపలే పుట్టే చెమ్మ గురించి మాట్లాడుతుంటారు. వీటిని విడదీసి చూస్తే తగువులో సగం తేలిపోతుంది. మిగతా సగం నిజంగానే తేలలేదు.

బ్రిటన్‌లోనే ఎందుకు పుట్టింది

ఈ వాదనకు పుట్టిల్లు బ్రిటన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ కొత్త కార్ల మీద పర్చేజ్ టాక్స్ భారీగా ఉండేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను పడేది కాదు. 1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ ఈ వెసులుబాటు మీదే నిలబడింది. ఉక్కు గొట్టాలతో అల్లిన ఛాసిస్, దాని మీద అల్యూమినియం రేకులు, ఇద్దరు పట్టే చోటు, తలుపుల్లేవు. బిగించే పద్ధతి రాసి ఇస్తే పన్ను పడుతుందని, విప్పే పద్ధతి రాసి ఇచ్చి దాన్ని తిరగేసి చదువుకోమనేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. వెల్ష్ గడ్డ మీద గిల్బర్న్, జెమ్ మార్ష్, ఫ్రాంక్ కాస్టిన్ కలిసి 1959లో మొదలుపెట్టిన మార్కోస్, జినెటా, టీవీఆర్ కూడా ఆ రోజుల్లో ఇదే దారిలో విడిభాగాలు అమ్మాయి.

1973 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చి ఈ వెసులుబాటుకు గండి కొట్టింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటరమ్ సంస్థకు వెళ్లాయి. ఆ డిజైను ఈ రోజుకీ తయారవుతోంది. 1996లో రాన్ చాంపియన్ రాసిన పుస్తకంతో మరో అల లేచింది. 250 పౌండ్లకే సొంత స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని దాని పేరులోనే ఉంది. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి కొని, దాని సామాను తీసి, చదరపు గొట్టాలు తెచ్చుకుని సొంతంగా వెల్డింగ్ చేసుకోవడమే ఆ పద్ధతి. ఇలా పుట్టినవాటికి లోకాస్ట్ అన్న పేరు స్థిరపడింది. వాన తగువు మరింత ముదిరింది ఇక్కడే. కంపెనీ కిట్టులో రేకులు ఒక అచ్చులో వస్తాయి. సొంతంగా కొలిచి కోసుకున్న కారులో అద్దం ఫ్రేముకూ బాడీకీ మధ్య సందు ఒక మూల 3 మి.మీ. ఉంటే ఇంకో మూల 9 మి.మీ. ఉంటుంది. బజారులో దొరికే ఏ ఒక్క బీడింగూ ఆ రెండింటికీ సరిపోదు.

వాతావరణం సంగతి కూడా చూడాలి. లండన్‌లో ఏడాదికి పడే వాన 600 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. హైదరాబాద్‌లో పడేది అంతకంటే ఎక్కువ, సుమారు 800. తేడా పడే తీరులో ఉంది. మన దగ్గర నాలుగు నెలల్లో కుమ్మరించి పోతుంది, తర్వాత ఎండ అన్నిటినీ ఆరబెడుతుంది. అక్కడ ఏడాది పొడుగునా ముసురు. తడిసిన కార్పెట్ ఆరేలోపు మళ్లీ తడుస్తుంది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ నీళ్లలో కలిసి వస్తుంది. కుండపోతకు పది నిమిషాలు ఓర్చుకున్న కారు కూడా వారం రోజుల ముసురుకు లొంగిపోతుంది.

ఈ చర్చ మన దగ్గర పెద్దగా లేకపోవడానికి కారణం వాన కాదు, చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడానికి హద్దులు పెట్టింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ హద్దుల్ని మరింత గట్టిగా చెప్పింది. కొత్త మోడలేదైనా ముందు గుర్తింపు ఉన్న సంస్థ పరీక్షలు దాటాలి. ఒక్క కారు కట్టుకునే మనిషికి ఇది అందే దారి కాదు. బ్రిటన్‌లో అలాంటి ఒక్కో కారునూ విడిగా పరీక్షించి రోడ్డు మీదికి పంపే పద్ధతి 1998 నుంచి ఉంది. 2009లో దాని స్థానంలో ఐవీఏ అనే పరీక్ష వచ్చింది. వైపర్లు, అద్దం మీద నీళ్లు చిమ్మే ఏర్పాటు, ఆవిరి తుడిచే ఏర్పాటు అందులో చూస్తారు. కారు లోపలికి వాన కారుతుందా అన్న పరీక్ష మాత్రం లేదు. ఆ తీర్పు కట్టుకున్నవాళ్లకే వదిలేశారు.

నీరు లోపలికి వచ్చే దారులు

నీళ్లు పల్లానికి పోతాయన్నది నిలబడిన కారు విషయంలోనే నిజం. పరుగెత్తే కారులో వాటిని ఎగువకు నెట్టేది గాలి. గంటకు 50 కి.మీ. వేగంలో ఎదురుగాలి ఒత్తిడి సుమారు 12 మి.మీ. ఎత్తు నీటిని నిలబెట్టగలదు. 100 కి.మీ.కు అది సుమారు 47 మి.మీ. అవుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు. అద్దం కింద 20 మి.మీ. ఎత్తు పెదవి పెట్టి నీళ్లు ఇది దాటవు అనుకున్నవాళ్ల కారు ఊళ్లో పొడిగా ఉండి హైవే ఎక్కగానే కారడానికి కారణం ఇదే. ఇంటి ముందు పైపుతో తడిపి చుక్క రాలేదని సంబరపడటంలోని మోసం కూడా ఇదే.

దీనికి తోడు, అద్దం వెనక, టాప్ కింద ఉన్న చోట పీడనం ఎదురుగాలి తగిలే చోటికంటే తక్కువ. లోపల పీడనం తగ్గితే ప్రతి సందూ పీల్చే గొట్టమే. సెవెన్ తరహా కారులో అద్దం నిలువుగా, బల్లపరుపుగా ఉంటుంది. సైడ్ స్క్రీన్లు అద్దం స్తంభాలకు కీలు మీద వేలాడుతూ టాప్‌కు టిచ్ బటన్లతో, పట్టీలతో అతుక్కుంటాయి. రెండు బటన్ల మధ్య గుడ్డ పలచగా లేచినప్పుడల్లా తుంపర లోపలికి వస్తుంది.

సన్న సందు పద్ధతి వేరు. అర మిల్లీమీటరు సందు ఉన్న రెండు రేకుల మధ్య నీరు తనంతట తాను 30 మి.మీ. దాకా ఎగబాకుతుంది. అదే సందు 5 మి.మీ. ఉంటే 3 మి.మీ. మించి లేవదు. అందుకే దగ్గరగా నొక్కి బిగించిన అతుకు కొన్నిసార్లు వదులుగా వదిలిన దానికంటే ఎక్కువ కారుతుంది. కొత్తగా కట్టేవాళ్లకు నమ్మడం కష్టమైన సంగతి ఇది. రివెట్ల వరుస పొడవునా సీలెంట్ లేకుండా రేకు మీద రేకు వేసిన చోట ఈ ఎగబాకే నీరు ఎప్పుడూ ఆరదు. లోపలి వైపు ఉక్కు గొట్టం ఉంటే తుప్పు అక్కడే మొదలవుతుంది.

కింది నుంచి వచ్చే నీటిని చాలామంది లెక్కలో వేసుకోరు. ముందు చక్రాలు బయట తేలుతూ ఉండే కార్లలో మడ్‌గార్డు సన్నగా ఉంటుంది. చక్రం చిమ్మిన నీళ్లు సూటిగా బాడీ పక్క రేకును కొడతాయి. పెడల్ పెట్టె మూత ఇంకో బలహీనమైన చోటు. ఈ మూత ఇంజన్ వైపు, బానెట్ కింద ఉంటుంది. బానెట్‌కు వేడి పోవడానికి చీలికలు ఉంటాయి. వాన ఆ చీలికల్లోంచి మూత మీద పడి, మూత అంచున చేరి, నేరుగా డ్రైవరు పాదాల మీదికి దిగుతుంది. మనిషి మాత్రం పైన టాప్ కుట్లను వెతుకుతుంటాడు. స్టీరింగ్ రాడ్డు దూరే రంధ్రం, హీటరు గాలి పీల్చే మూతి, రోల్ బార్ కాళ్లు దిగే చోట్లు, అద్దం స్తంభాల బోల్టులు కూడా ఇలాంటివే.

ఇక లోపలే పుట్టే నీరు. ఒక మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా గంటకు సుమారు 40 నుంచి 50 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతాడు. టాప్ వేసిన చిన్న కారులో ఒకటిన్నర ఘనపు మీటర్ల గాలి ఉంటుందనుకుందాం. 10 డిగ్రీల చలిలో ఆ గాలి మొత్తం మోయగలిగిన ఆవిరి 14 గ్రాములే. కారు పూర్తిగా మూసి ఉంటే ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో దాన్ని నింపేస్తారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి గ్రామూ అద్దం మీద, టాప్ లోపలి వైపు, ఛాసిస్ గొట్టం మీద చెమ్మగా దిగుతుంది. కారు కారుతోందనుకుని సీలెంటు మీద సీలెంటు పూసి, సమస్యను ఇంకా పెంచుకున్నవాళ్లు ఇక్కడే కనిపిస్తారు.

మూసేసే పద్ధతి

మొదటి వర్గం వాదన సూటిగా ఉంటుంది. కంపెనీ కారులో నీళ్లు రావు కదా, మంచి సామాను వాడి ఓపికగా పనిచేస్తే మన కారులోనూ రావు. అద్దం కింద పాలియురేథేన్, రేకుల మధ్య బ్యూటైల్ టేపు, తలుపుల చుట్టూ లోపల లోహపు పట్టీ ఉన్న గొట్టం బీడింగు, వైర్లు దూరే ప్రతి చోటా రబ్బరు గ్రామెట్. ఫైబర్ బాడీ వాడేవాళ్లకు ఈ దారి కొంత సులువు. వెస్ట్‌ఫీల్డ్ తరహాలో బాడీ తొట్టి మొత్తం ఒకే అచ్చులో వస్తే అతుకులే తక్కువ. అల్యూమినియం రేకులు రివెట్లతో కొట్టిన కారులో అతుకుల పొడవు దానికి ఎన్నో రెట్లు.

ఈ పద్ధతికి పరీక్ష పెట్టింది మూసిన కార్లే. 1971లో బ్రిటన్‌లో నోవా అనే కిట్ కారు వచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అడుగు భాగం మీద ఫైబర్ బాడీ. దానికి తలుపుల్లేవు. పైకప్పు మొత్తం ఒక్క ముక్కగా పైకి లేస్తుంది. చూడటానికి అద్భుతం. వానలో ఎక్కాలంటే మాత్రం కప్పు లేపిన క్షణంలోనే రెండు సీట్లూ ఆకాశానికి అప్పగించినట్టే. ఎంత మంచి రబ్బరు పెట్టినా మూసి ఉన్నప్పుడే దాని పని. ఫోర్డ్ జీటీ40 నకళ్లలో తలుపు కప్పులోకి కోసుకుని వస్తుంది. తలుపు తెరిస్తే కప్పు మీద నిలిచిన నీళ్లు సీటు మీద పడతాయి. ఈ రెండు కార్లలోనూ తప్పు బీడింగుది కాదు, గీసిన గీతది. గీత దశలోనే వానను తలుచుకోకపోతే తర్వాత పూసే ఏ సీలెంటూ పూర్తిగా కాపాడదు.

ఇంకో చిక్కు నొక్కుడు. బీడింగు మూడోవంతు దాకా నొక్కుకుంటేనే సరిగా ఆపుతుంది. తక్కువైతే గాలి దూరుతుంది, ఎక్కువైతే తలుపు మూసుకోదు, పైగా రబ్బరు కొన్నాళ్లకు చచ్చి తిరిగి లేవదు. సందు సమానంగా లేని కారులో దీన్ని సాధించాలంటే బీడింగు కొనే ముందే అంచును పుట్టీతోనో పట్టీతోనో సరిచేయాలి. ఓపికున్నవాళ్లు చేస్తారు. చేసినవాళ్ల కార్లు నిజంగానే పొడిగా ఉంటాయి. మూసేసే పద్ధతి తప్పని తేల్చేసేవాళ్లు ఈ కార్లను లెక్కలోకి తీసుకోవాలి.

దారి ఇచ్చే పద్ధతి

రెండో వర్గం కంపెనీ కారును మరోలా చదువుతుంది. మామూలు కారు తలుపు విప్పి చూస్తే కనబడేది ఇది: కిటికీ అద్దం కింద ఉన్న రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపదు. నీళ్లు తలుపు లోపలికి దిగుతాయి. లోపలి ప్లాస్టిక్ పొర వాటిని మనుషుల వైపు రానివ్వదు. తలుపు అడుగున ఉన్న రంధ్రాల గుండా రోడ్డు మీదికి పోతాయి. కంపెనీలు వానను మొదటి గీత దగ్గర తగ్గించి, రెండో గీత దగ్గర పట్టుకుని, బయటికి పంపుతాయి. పెంకుటింటి కప్పులో ఏ పెంకూ పక్క పెంకుతో అతుక్కోదు, పైదాని అంచు కిందిదాని మీదికి రావడంతోనే పని జరుగుతుంది. ఈ వర్గం కారును కూడా అలాగే కట్టమంటుంది. పై రేకు ఎప్పుడూ కింది రేకు బయటికి రావాలి, సందులు 5 మి.మీ.కు తగ్గకూడదు, ఆ సందు వెనక ఒక కాలువ ఉండాలి, కాలువకు పల్లం ఉండాలి.

యుద్ధకాలపు విల్లీస్ జీపు అడుగున నీళ్లు వదిలే రంధ్రాలకు బిరడాలు ఉండేవి. అలాంటి ఏర్పాటు కిట్ కార్ల అడుగు రేకుల్లోనూ కనిపిస్తుంది.

దీని బలహీనత ఒక్క మాటలో చెప్పొచ్చు: దారి పూడుకుపోతుంది. మాజ్డా ఎంఎక్స్-5 కారు టాప్ వెనక నీళ్లు దించే గొట్టాలు ఉంటాయి. ఆకులూ మట్టీ చేరి అవి పూడితే నీళ్లు పక్కల పెట్టెల్లోకి దిగి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. బయటికి బుడగ కనబడేసరికి లోపల రేకు మిగలదు. అలాంటి కారును సామాను కోసం కొని కిట్ కారు కట్టుకునేవాళ్లు ముందుగా ఈ పాఠం చూడటం మేలు. లోటస్ ఎలాన్‌ది ఇంకా ముఖ్యమైన పాఠం. దాని ఛాసిస్ ముందు భాగంలో నీళ్లు దిగే రంధ్రాలు పూడుకుపోతే సస్పెన్షన్ పట్టుకునే స్తంభాలు పుచ్చిపోతాయి. అక్కడ చెడిపోయేది కార్పెట్ కాదు, ప్రాణం నిలబడే చోటు. మార్కోస్ తొలినాళ్ల కార్లలో ఛాసిస్‌నే మెరైన్ ప్లైవుడ్‌తో అతికేవారు. కాస్టిన్ విమానాల పని చేసి వచ్చినవాడు, కర్రను అతికే పద్ధతి అక్కడిది. బరువు తక్కువ, గట్టిదనం ఎక్కువ. కానీ నీరు నిలిచే ఒక్క మూల ఉన్నా జిగురు వదిలేది, కర్ర చివికేది. అలాంటి కారుకు దారి ఇవ్వడం ఇష్టాయిష్టాల మాట కాదు, బతికే దారి.

ఈ వర్గం పక్షాన బరువైన వాదన మరొకటి ఉంది. మూసేసే పద్ధతి ఒక్క చోట విఫలమైతే మొత్తం విఫలమవుతుంది. లోపలికి వచ్చిన నీళ్లకు తొట్టే తయారై ఉంటుంది కనుక. దారి ఇచ్చే పద్ధతిలో పూడిన చోటు ఎప్పటికప్పుడు చూసుకుంటే దొరికిపోతుంది, బాగుచేయడం తీగ పెట్టి పొడిచినంత సులువు. షెడ్డులో ఒక్కడే కట్టే మనిషి చేతిపనిలో ఎక్కడో లోపం ఉంటుందని ఒప్పుకున్నాక ఈ పద్ధతివైపే మొగ్గు చూపడం న్యాయం. ఈ సమీక్ష అభిప్రాయం కూడా అదే, ఒక్క మినహాయింపుతో: కరెంటు సామాను ఉన్న చోట దారి కాదు, గట్టి మూత కావాలి.

కప్పే వద్దనేవాళ్లు

మూడో వర్గం దృష్టిలో టాప్ వేసిన సెవెన్ సెవెనే కాదు. చిన్న ఏరో స్క్రీన్లు, హెల్మెట్, నీళ్లు దిగని చొక్కా, అంతే. ఏరియల్ ఆటం అనే కారు దీన్ని చివరిదాకా తీసుకెళ్లింది. దానికి బాడీయే లేదు, గొట్టాల ఛాసిస్ బయటికే కనిపిస్తుంది. కారులో నీళ్లు నిలవడానికి చోటు ఉండదు కనుక తుప్పు సమస్య కూడా తక్కువ. వేగంగా పోతున్నంతసేపు వాన చాలావరకు తల మీదుగా పోతుందని, ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే తడుస్తామని వీళ్లు చెప్పే మాట నిజమే. అయితే ఇది నీటి సమస్యను కారు నుంచి మనిషికి మార్చడం. చలిలో తడిసిన మనిషి స్పందన మందగిస్తుంది. తడి పాదం పెడల్ మీద జారుతుంది. ఆదివారం ఎండలో తిరగడానికే వాడే కారుకు ఈ దారి చాలు. రోజూ ఆఫీసుకు పోయే కారుకు చాలదు.

మూడింటిని పక్కపక్కన పెడితే

ఖర్చులో కప్పు వద్దనేది అన్నిటికంటే చవక, మూసేసేది ఖరీదు. శ్రమలో మాత్రం దారి ఇచ్చేది ముందుంటుంది. కాలువలూ పల్లాలూ గీత దశలోనే ఆలోచించాలి, కట్టిన కారులో తర్వాత చేర్చడం కష్టం. కట్టేసిన కారుకు మూసేసేదే దిక్కు. చిన్న ప్రయాణంలో పొడిగా ఉంచేది మూసేసే పద్ధతి. పదేళ్ల తర్వాత ఛాసిస్‌ను మిగిల్చేది దారి ఇచ్చే పద్ధతి. అద్దం మీద ఆవిరి మూసేసే పద్ధతిలోనే ఎక్కువ, కప్పు లేనివాళ్లకు ఆ బాధే లేదు. వర్గాల మధ్య గోడలు కనిపించినంత గట్టివి కావు. బాగా పొడిగా ఉండే కార్లను విప్పి చూస్తే అద్దం దగ్గర మూసేసే పద్ధతి, తలుపులూ అడుగూ దగ్గర దారి ఇచ్చే పద్ధతి కలిసి ఉంటాయి.

సామాను మీద వాదన

ఇక్కడ కొన్ని సంగతులు తేలిపోయాయి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సీలెంట్ ఆరేటప్పుడు వదిలే ఆమ్లం ఉక్కునూ రాగినీ తినేస్తుంది. దాని మీద రంగు కూడా పట్టదు. ఎలక్ట్రికల్ కనెక్టర్ల దగ్గర, రేకుల దగ్గర దాన్ని వాడకూడదన్న దాని మీద రెండో మాట లేదు. రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసిన స్పాంజి నీళ్లు పీల్చి పట్టుకుంటుంది, గదులు విడివిడిగా మూసి ఉన్న రకమే వాడాలి. మళ్లీ విప్పాల్సిన చోట బ్యూటైల్ మేలు, అది ఎప్పుడూ గట్టిపడదు. విప్పనక్కర్లేని అద్దానికి పాలియురేథేన్.

టాప్ గుడ్డ మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. రెక్సిన్ లాంటి వినైల్ చవక, నీళ్లు అసలు దిగవు. చలికి బిగుసుకుని టిచ్ బటన్ల దగ్గర చినుగుతుంది. మొహెయిర్ గుడ్డ సాగుతుంది, అందంగా ఉంటుంది, ధర ఎక్కువ, దానికి నీళ్లు అంటని పూత అప్పుడప్పుడు మళ్లీ వేయాలి. రెండింటికీ అసలు కారే చోటు గుడ్డ కాదు, కుట్టు. సూది వేసిన ప్రతి రంధ్రమూ ఒక దారి. కుట్టును లోపలి నుంచి టేపుతో మూసినదా లేదా అని అడగడం, గుడ్డ ఏ రకం అని అడగడం కంటే ముఖ్యం.

అల్యూమినియం, ఉక్కు కలిసే చోట ఉప్పునీరు తగిలితే అల్యూమినియం తెల్లగా పొడి అవుతుంది. రెండింటి మధ్య పేస్టో పెయింటో అడ్డు పెట్టమని అందరూ ఒప్పుకుంటారు, తొందరలో చాలామంది మానేస్తారు.

కారే చోటు పట్టుకోవడం

నీళ్లు కనిపించే చోటు, దూరిన చోటు ఒకటి కావడం అరుదు. అద్దం స్తంభం బోల్టు దగ్గర దూరిన చుక్క డాష్‌బోర్డు వెనక ఉన్న గొట్టం అడుగు భాగాన్ని అంటుకుని, గొట్టం వంపు దాకా ప్రయాణించి, అక్కడ బరువెక్కి డ్రైవరు ఎడమ మోకాలి మీద పడుతుంది. మోకాలి పైన చూస్తే ఏ రంధ్రమూ ఉండదు.

అందుకే పద్ధతి ప్రకారం పోవాలి. కార్పెట్లు, సీట్లు తీసేసి లోపలంతా పొడిగా తుడవాలి. అనుమానం ఉన్న అతుకుల లోపలి వైపు సుద్దపొడి రాయాలి, తడి తగిలిన చోట గీత పడుతుంది. లోపల ఒక మనిషి టార్చితో కూర్చోవాలి. బయటి మనిషి పైపు నీళ్లను ధారగా కాక మెల్లగా పారేలా వదిలి, కింది నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని అతుకుల మీదుగా పారి ఏది కారుతోందో తెలియకుండా పోతుంది. బీడింగు నొక్కుడు చూడటానికి కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగాలి, చుట్టూ ఒకే పట్టు ఉండాలి. ఇవన్నీ నిలబడిన కారు పరీక్షలు. వేగంలో వచ్చే ఒత్తిడిని చూడాలంటే కారులో చిన్న ఫ్యానుతో లోపలి పీడనం పెంచి, బయట అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూడటం ఇంట్లో కుదిరే దారి.

తేలనివి

ఛాసిస్ గొట్టాల లోపలి భాగం మీద వాదన ఇంకా పచ్చిగానే ఉంది. రెండు చివరలూ వెల్డింగుతో మూసేస్తే తుప్పుకు కావలసిన గాలీ నీరూ అయిపోతాయని ఒక మాట. వెల్డింగులో సూదిమొనంత రంధ్రం ఉన్నా, పగలు వేడెక్కి రాత్రి చల్లబడే గొట్టం తడి గాలిని పీలుస్తుందని, అది బయటికి పోదని ఇంకో మాట. పాత విమానాల ఉక్కు గొట్టాల్లో అవిసె నూనె పోసి తిప్పే అలవాటు ఉండేది. ఆ దారిలో మైనం చిమ్మేవాళ్లు ఉన్నారు. అడుగున రంధ్రం పెట్టి వదిలేసేవాళ్లూ ఉన్నారు. గొట్టంలో సీటు బెల్టు బోల్టు కోసమో రివెట్ కోసమో రంధ్రం వేసిన క్షణం మూసిన గొట్టం అన్న మాట చెల్లదు. రివెట్లు కొట్టే కారులో అలాంటి రంధ్రాలు వందల్లో ఉంటాయి. కనుక మైనం పక్షమే గట్టిగా కనిపిస్తుంది, అయినా పౌడర్ కోటింగ్ చీలిక కింద దాగిన నీటికి ఏ పక్షం దగ్గరా మంచి జవాబు లేదు.

అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఎక్కడ పెట్టాలన్నది రెండోది. అవి నీళ్లు దించుతాయి, రోడ్డు తుంపరను పైకి కూడా పంపుతాయి. వెనక్కి చూసే చిన్న మూతి పెడితే గాలి ప్రవాహం నీళ్లను బయటికి లాగుతుందని కొందరి వాదన. అడుగు కింది పీడనం ఒక్కో కారులో ఒక్కో తీరుగా ఉంటుంది కనుక ఇది అన్నిటికీ వర్తించదు.

ఆవిరి మూడోది. అద్దంలోనే సన్నటి తీగలతో వేడి చేసే ఏర్పాటు, హీటరు, టాప్ వెనక చిన్న సందు వదలడం, ఈ మూడింటిలో ఏది ముందన్నది వాడకం బట్టి మారుతోంది. వేడి అద్దం ముందు చూపును కాపాడుతుంది, పక్క ప్లాస్టిక్ కిటికీలను కాపాడదు.

అన్నిటికంటే కొత్తది కరెంటు కారు. 2023లో కేటరమ్ ఈవీ సెవెన్ అనే నమూనా చూపించింది. సొంతంగా కట్టేవాళ్లలో పాత విద్యుత్ కార్ల బ్యాటరీలు, మోటార్లు తెచ్చి బిగించేవాళ్లు పెరుగుతున్నారు. ఇన్నాళ్లూ వాన లోపలికి వస్తే తడిసేది మనిషి, చెడేది ఫ్యూజు పెట్టె. ఇప్పుడు లోపల 400 వోల్టులు ఉండొచ్చు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 100వది డీసీ వ్యవస్థకు వోల్టుకు కనీసం 100 ఓమ్‌ల ఇన్సులేషన్ కోరుతుంది. అంటే 400 వోల్టులకు 40,000 ఓమ్‌లు. తడి చేరిన కనెక్టరు ఒక్కటి ఆ అంకెను పడగొట్టగలదు. బ్యాటరీ పెట్టెను పూర్తిగా మూసేస్తే ఛాసిస్ గొట్టంలాగే అదీ వేడికీ చలికీ తడి గాలిని పీలుస్తుంది. గాలిని పంపి నీటిని ఆపే పొర పెట్టి ఒత్తిడిని సమం చేయడం కంపెనీలు ఎంచుకున్న మార్గం. ఇంట్లో కట్టేవాళ్లలో కొందరు దాన్ని అనుసరిస్తున్నారు, కొందరు పెట్టె అడుగున ఒక్క దిక్కుకే తెరుచుకునే చిన్న వాల్వు పెడుతున్నారు, కొందరు సిలికాన్‌తో మూసేసి ఊరుకుంటున్నారు. మూడో వాళ్లకు ఈ సమీక్ష చెప్పగలిగింది ఒకటే: ఇన్సులేషన్‌ను ఎప్పటికప్పుడు కొలిచి, పడిపోతే బ్యాటరీ కరెంటును తెంచే కాంటాక్టర్లు తెరిచి హెచ్చరించే మీటరు లేకుండా అలాంటి కారును వానలోకి తీయొద్దు.